నర్సన్న చెప్పని పేరు

పోయిన నెల రజియా ఫోన్ చేసింది. రజియా మా సీనియర్ వకీలు జహంగీర్ సాబ్ కూతురు. నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన రోజుల్లో రెండు జడలేసుకుని, పలక పట్టుకుని మా బెంచీ కింద దూరి ఆడుకునేది. ఇప్పుడు బడిలో ఉర్దూ చెప్పే పంతులమ్మ. "అన్నా, ముందుగది గోడ మీద ఎర్రగీత గీసిపోయిండ్రు. రోడ్డు ఎడల్పు చేస్తరంట. అబ్బా కాగితాలన్నీ ఆడనే ఉన్నయ్. మీరొచ్చి తీస్కపోతరా, పాత పేపరోనికి ఎయ్యమంటరా?" అని అడిగింది. జహంగీర్ సాబ్ పోయి పదేళ్ళు దాటింది. ఈ పదేళ్ళలో ఆ గదికి నేను మూడుసార్లు పోయానేమో. శంషాబాద్ పాత బస్టాండు వెనక సందులో ఉంటుంది ఆ ఇల్లు. నా కారు ఎప్పుడూ పైన ఫ్లైఓవర్ మీద నుంచే పోతుంది. వస్తున్నానని చెప్పి మర్నాడే బయల్దేరాను.

తలుపు తీయగానే అదే వాసన. పాత ఫైళ్ళ దుమ్ము, టైపు మిషను రిబ్బను సిరా, గోడ నిమ్ము కలిసిన వాసన. ఒక్క అల్లం చాయ వాసన మాత్రం లేదు. ఆ రోజుల్లో పొద్దున ఏడింటికి నేను వచ్చేసరికి సాబ్ లుంగీ మీదే ఉండి, మిషను మీద గుడ్డ తీసి, ఒక్కో అక్షరాన్నీ పాత పళ్ళబ్రష్షుతో తోముతుండేవారు. నా పని గది ఊడ్చి, ఆ రోజు వాయిదా ఉన్న ఫైళ్ళు వరసగా పెట్టడం. ఆ తర్వాత లోపలి నుంచి రజియా వాళ్ళ అమ్మీజాన్ పరదా చాటున చెయ్యి మాత్రం బయటపెట్టి రెండు కప్పులు అందించేది. చాయ తాగడం అయ్యేదాకా కేసుల మాట ఎత్తకూడదు. ఎత్తితే, "అరె మియా, చాయ్ మీద ఖూన్ ముచ్చట ఎందుకు, జర నిమ్మళంగ తాగు" అనేవారు. అన్నీ ఖూన్ ముచ్చట్లే మావి. దొంగతనాలు, తలలు పగలడాలు, గట్టు పంచాయతీలు. నల్లకోటు వేసుకున్న వాళ్ళలో సివిల్ వకీళ్ళకున్న మర్యాద క్రిమినల్ వకీళ్ళకు ఉండేది కాదు. మా మేనత్త అయితే నన్ను చూసి, "దొంగలను ఇడిపిచ్చుటానికా బిడ్డా గంత సదువు సదివినవ్?" అని ఎగతాళి చేసేది.

ఆ గదిలో ఒక కుర్చీ, ఒక ముక్కాలిపీట ఉండేవి. కుర్చీ ముద్దాయికి, పీట వకీలుకు. ఊరిలో ఏ పెద్దమనిషి ముందూ కూర్చోని మనిషి, ఠాణాలో నేల మీద గొంతుక్కూర్చుని వచ్చిన మనిషి, ఇక్కడ కుర్చీలో కూర్చుంటే కాసేపు ఏం చేయాలో తోచక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడేవాడు. సాబ్ పీట మీద కూర్చుని తల ఎత్తి, "నువ్ చేసినవా" అని అడిగేవారు కాదు. ఆ మాట ఆయన ఎన్నడూ ఎవరినీ అడగగా నేను వినలేదు. "ఆ దినం పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగేవారు. మనిషి మొదట ఆశ్చర్యపోయేవాడు, తర్వాత గుర్తుచేసుకునేవాడు. గట్క తిన్నా, చింతకాయ తొక్కు తిన్నా అనేవాడు. ఎవరు పెట్టారు, పెట్టినప్పుడు పక్కన ఎవరున్నారు, తిన్నాక ఎటు పోయావు. అట్లా పొద్దటి తిండి నుంచి పట్టుకుని మెల్లగా జరిగిన ఘడియ దాకా తెచ్చేవారు. "మనిషి టైము మరుస్తడు, తిండి మరువడు" అనేవారు. చెప్పిందంతా తన నోటుబుక్కులో రాసుకునేవారు. తెలుగు మాటలే, కానీ లిపి ఉర్దూ. ఆయనకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం కొద్దిగా వచ్చు, రాయడం రాదు. నాకు ఉర్దూ వినడమే తప్ప చదవడం రాదు. పదకొండేళ్ళు ఆ కాగితాలు మోశాను, వాటిలో ఏముందో ఒక్క ముక్క తెలియకుండానే.

ఇంకొక్క నియమం ఉండేది ఆయనకు. చావు కేసులో చిక్కుకున్న మనిషి ఎవరైనా సరే, ఆయన చూసేదాకా నోరు తెరవకూడదు. పెండ్లాంతో సరే, పెద్దమనుషులతో వద్దు. "పోలీసోళ్ళ ముంగట ఒప్పుకుంటే కోర్టుల నిలవది. ఊరోళ్ళ ముంగట ఒప్పుకుంటే నిలుస్తది. గుర్తుంచుకో" అని చేరిన వారంలోనే నాకు చెప్పారు. నేను తల ఊపాను. చదువుకున్న వాణ్ణి కదా, తల ఊపడం బాగా వచ్చు.

మాది సాతంరాయి. మా ఇంటి పక్కిల్లు నర్సన్నది. చుట్టరికం ఏమీ లేదు, వరస మాత్రం అన్నదమ్ముల వరస. మా బాపు నా ఎనిమిదో ఏట పోతే, శంషాబాద్ హైస్కూలుకు నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని పోయింది నర్సన్నే. తన పాలక్యాను ఒకవైపు, నేను ఒకవైపు. వానాకాలం రేగడి మట్టి చక్రాలకు పట్టుకుంటే దిగి, పుల్లతో గీకి, మళ్ళీ తొక్కేవాడు. ఒక్కనాడు విసుక్కోలేదు. నేను మొదటిసారి నల్లకోటు వేసుకుని ఊళ్ళోకి వచ్చిన రోజు, చేను నుంచి వస్తూ ఆగి, చేతులు ధోవతికి తుడుచుకుని, కోటు చేతిమీద రెండు వేళ్ళతో తడిమి చూశాడు. "మందంగనే ఉందిరా యెంకటేశం, ఎండకు పరేషాన్ అయితవ్" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వాను గానీ అతని కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను.

నర్సన్నకూ పక్క చేను మల్లయ్యకూ పొత్తుల బాయి ఉండేది. ఇద్దరి చేన్లకూ ఆ ఒక్క బావే, ఒక్క మోటరే. కరెంటు ఇచ్చే ఆ నాలుగు గంటల్లో ఎవరి వంతు ఎప్పుడన్న దాని మీద వారానికొకసారి కీచులాడుకునేవాళ్ళు, మళ్ళీ మోటరు గుడిసె నీడలో కూర్చుని ఒకరి తొక్కు ఒకరు తినేవాళ్ళు. బావి అడుగున మోటరు పైపు నోటికి నాచు పట్టి నీళ్ళు ఆగిపోతే, ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగాలి, ఇంకొకడు పైన తాడు పట్టుకోవాలి. ఆ సాయంత్రం వంతు మీద మాటామాటా పెరిగింది. మల్లయ్య కోపంగా, "నీ సాయం నాకేం అక్కర లేదు, పో" అని తానొక్కడే దిగాడు. నర్సన్న కూడా పౌరుషానికి పోయి గట్టు మీద అటు తిరిగి కూర్చుని బీడీ ముట్టించాడు. నాచు పట్టిన రాయి మీద మల్లయ్య కాలు జారింది. చప్పుడు విని నర్సన్న దూకాడు, పైకి తెచ్చాడు, బండి కట్టించాడు. తల రాయికి తగిలి దవాఖానకు పోయేలోపే మల్లయ్య ప్రాణం పోయింది.

మొదట పోలీసులు ప్రమాదమనే రాసుకున్నారు. కానీ కాటేదాన్‌లో ఫ్యాక్టరీ పని చేసే మల్లయ్య తమ్ముడు వచ్చాడు. ఆ సాయంత్రం కేకలు విన్నవాళ్ళున్నారు. ఊరిలో గుసగుస మొదలైంది. ఎనిమిదో రోజున నర్సన్న శంషాబాద్ వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి. ఆ రోజు సాబ్ లేరు. అమ్మీజాన్‌కు ఒంట్లో బాగా లేక పట్నం దవాఖానలో ఉన్నారు. గదిలో నేనొక్కణ్ణే. పీట మీద కూర్చోవాలన్న సంగతి కూడా నాకు తోచలేదు, సాబ్ బల్ల వెనక నిలబడి వకీలులా అడిగాను.

"నేను వాన్ని బాయిల దొబ్బలేదురా," అన్నాడు నర్సన్న. "కని తాడు వట్టలే. పట్టుంటే బతుకుండె. ఆ పిల్లల మొకం సూడలేకపోతున్న. ఏం జెయ్యాలె చెప్పు."

మా ఊళ్ళో ఒక రివాజు ఉంది. పోయిన మనిషితో జగడమాడినవాడు ఎవడైనా దినాల నాడు ఆ ఇంటికి పోయి, నలుగురి ముందు ఆ ఇంటి ఆడమనిషి కాళ్ళు పట్టుకుని, నా వల్లనే పోయిండు, తప్పు కాయుండ్రి అంటాడు. వాళ్ళు లేపి కూర్చోబెట్టి అన్నం పెడతారు. దాంతో పగ తెగుతుంది. నిజంగా చంపినవాడని ఎవరూ అనుకోరు. మంచాన పడి పోయిన ముసలివాడి కోసం కూడా, ఎప్పుడో గట్టు కాడ తిట్టుకున్నవాడు వచ్చి ఆ మాటే అంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అని పెరిగినవాళ్ళం. నాకు అదే తోచింది. మల్లయ్య తమ్ముడి కోపం చల్లారితే ఫిర్యాదే ఉండదు, కేసే ఉండదు అనుకున్నాను. సాబ్ వచ్చేసరికి ఒక కేసును మొదట్లోనే తుంచేసి చూపిస్తానన్న పొగరు కూడా ఉంది, దాచడం ఎందుకు.

"ఎల్లుండి దినాలకు పో," అన్నాను. "ఎట్ల జరిగింది, ఎవల తప్పని సంజాయిషీ ఇయ్యకు. కాళ్లు వట్టుకొని నా వల్లనే అయిందను. గంతే. అయిపోతది."

"సాబ్‌ను అడగొద్దా?"

"నేను లేనా?" అన్నాను.

నర్సన్న నేను చెప్పినట్టే చేశాడు. మల్లయ్య భార్య బుచ్చమ్మ కాళ్ళ మీద పడి ఏడ్చాడట, ఆమె కూడా ఏడ్చి లేపిందట. అన్నం పెట్టారు. నాలుగో రోజు మల్లయ్య తమ్ముడు ఠాణాకు పోయి, మా అన్నను బావిలోకి నెట్టి చంపి, నలుగురి ముందు ఒప్పుకున్నాడని రాసిచ్చాడు. నర్సన్నను తీసుకుపోయారు.

సాబ్ జైలుకు పోయి నర్సన్నను చూసిన రోజు నన్ను వెంట తీసుకుపోలేదు. ఆ సాయంత్రం తిరిగి వచ్చి, చెప్పులు విడిచి, కాసేపు నన్ను చూస్తూ నిలబడ్డారు. "ఈ కేసుల నువ్ ఫైలు మొయ్యి, చాలు" అన్నారు. అంతే. నర్సన్న నా పేరు చెప్పలేదని, ఆయనకు తెలియదని అనుకున్నాను. నా అంతట నేను చెప్పాలని రోజూ అనుకునేవాణ్ణి. చాయ తాగేటప్పుడు కేసుల మాట ఎత్తకూడదు కదా అని ఒక సాకు, తాగాక కోర్టుకు ఆలస్యమవుతుందని ఇంకో సాకు.

నెట్టడం చూసిన సాక్షి ఒక్కడూ లేడు. చూశానని ఒకడు వస్తే, సాబ్ అదే వేళకు పోయి ఆ దారి మీద నిలబడి, పొద్దు కళ్ళలో కొట్టి బావి గట్టు కనబడదని తేల్చి, వాణ్ణి బోనులో నీళ్ళు నమిలించారు. మిగిలింది దినాల నాటి మాటే. నలుగురు పెద్దమనుషులూ అబద్ధం ఆడేవాళ్ళు కాదు. అన్నాడా అంటే అన్నాడన్నారు. బుచ్చమ్మ కూడా అంతే. సాబ్ ఆమెను, "అమ్మా, జగడమాడినోడు అచ్చి కాళ్లు మొక్కుడు మీ ఊర్ల రివాజేనా?" అని అడిగితే, "రివాజే సారూ. మా మామ సచ్చిననాడు ఇద్దరొచ్చిండ్రు" అంది. కోర్టు గదిలో గాలి కొంచెం ఆడినట్టయింది. జడ్జిగారు కోస్తా వైపు మనిషి, నిదానస్తులు. చివరికి నర్సన్నను నేరుగా అడిగారు: "ఆచారం సంగతి సరేనయ్యా. ఆ మాట అనమని నీకు ఎవరైనా చెప్పారా? లేక నీ అంతట నువ్వే అన్నావా?"

నేను సాబ్ వెనక ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నర్సన్న ఒకసారి మా వైపు చూశాడు.

"ఎవ్వరు చెప్పలే సారూ. నాకే అనిపిచ్చి అన్న."

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ముప్పై ఐదేళ్ళుగా ఎన్నోసార్లు దానికి వేరే పేరు పెట్టాలని చూశాను, కుదరలేదు. నా పేరు రాలేదని సంతోషపడ్డాను. తీర్పులో జడ్జిగారు, ఎవరి ఒత్తిడీ సలహా లేకుండా తనంతట తాను ఒప్పుకున్నాడని రాశారు. చంపాలని కాక కోపంలో నెట్టాడని ఏడేళ్ళు వేశారు. పై కోర్టులో కూడా అదే నిలిచింది.

నర్సన్న లోపల ఉన్న ఏళ్ళలోనే నా ప్రాక్టీసు పెరిగింది. అతను బయటికి వచ్చేసరికి నాకు సొంత ఆఫీసు, ఇద్దరు జూనియర్లు. అందరూ నన్ను నోరు మూయించే వకీలు అనేవారు. ఫోన్‌లో ముద్దాయి గొంతు వినగానే నేను అనే మొదటి మాట, "ఎవరితో ఏం మాట్లాడకు" అనే. ఆ ఒక్క మాటతో ఎంతమందిని కాపాడానో. ఇప్పటి పిల్లలకు ఆ మాట చెప్పినా ఎక్కడం లేదు. ఠాణా నుంచి బయటికి రాగానే ఎదుటివాళ్ళకు తప్పయిందంటూ ఏడుస్తూ ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు. అది ఊళ్ళన్నీ తిరిగి నా బల్ల మీదికి వస్తుంది. అప్పుడు మాట గాల్లో కలిసిపోయేది, కనీసం నలుగురు గుర్తుపెట్టుకుంటే గానీ కోర్టుకు వచ్చేది కాదు. ఇప్పుడు గుర్తుపెట్టుకునే పని కూడా ఎవరికీ లేదు. ఆ ఏడుపు వినగానే నాకు నర్సన్న గొంతే వినిపిస్తుంది.

విమానాశ్రయం వచ్చింది. పొత్తుల బాయిని పూడ్చేశారు, దాని మీద ఇప్పుడు లారీలు ఆగుతాయి. నర్సన్న ఆ లారీల జాగాకే వాచ్‌మన్‌గా ఉన్నాడు చాలా రోజులు, తన బావి మీద తానే కుర్చీ వేసుకుని. ఎప్పుడైనా కనబడితే లేచి నిలబడి, "బాగున్నరా వకీల్ సాబ్" అనేవాడు. జైలు నుంచి వచ్చాక నన్ను ఒక్కసారి కూడా యెంకటేశం అని పిలవలేదు. కోపమనుకున్నాను, నాకు అదే సబబు అనుకున్నాను. రెండేళ్ళ కింద అతను పోయాడు. దినాలకు పోయి, నలుగురితో కలిసి తిని వచ్చాను. కాళ్ళు మాత్రం పట్టుకోలేదు.

రజియా గదిలో నేను ఫైళ్ళు కట్టలు కడుతుంటే నర్సన్నది చేతికొచ్చింది. లోపల సాబ్ నోటుబుక్కు కాగితాలు నాలుగు, దారంతో కుట్టి ఉన్నాయి. "జర చదువమ్మా" అని రజియాకు ఇచ్చాను. ఆమె కిటికీ దగ్గరికి పోయి, కళ్ళజోడు సవరించుకుని చదివింది. జరిగిన రోజు పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం మల్లయ్య తెచ్చిన పచ్చిపులుసు. చదువుతూ చదువుతూ ఆగింది. "అన్నా, మీ పేరుంది ఇందుల" అంది.

"చదువు."

"దినాల రోజు పొద్దుగాల ఏం తిన్నవ్ అని అడిగిన. ఏం తినలే సాబ్ అన్నడు. యెంకటేశం చెప్పిండు, పోయి కాళ్లు మొక్కి నా వల్లనే అను, అయిపోతది అని. ఆ పని అయినంక తిందమనుకున్న అన్నడు." రజియా నా మొహం చూసి ఆపబోయింది. చదవమని చేత్తో సైగ చేశాను. "ఈ మాట కోర్టుల చెప్పు, నీకు మేలైతది, వెంకటేశంను బోనుల గవాయికి పిలుస్త అన్న. వద్దు సాబ్ అన్నడు. మస్తు చెప్పి చూసిన. మా ఊర్లకెల్లి వాడొక్కడే కోటేసుకున్నడు, నేను తాడు ఒక్కపారి ఇడిసిన, మల్ల ఇడువ అన్నడు." కాగితం అడుగున ఇంకొక్క ముక్క ఉంది. "వెంకటేశంకు చెప్పలేదు."

తిండి ప్రశ్న తప్పు పోదని సాబ్ అనేవారు. అది పట్టుకుంది నన్ను. ఆయనకు తెలుసు. తెలిసి కూడా, నేను ఆ గది విడిచేదాకా రోజూ పొద్దున్నే నాతో చాయ తాగారు. రజియా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను ఆ ముక్కాలిపీట మీదే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అరవై దాటినవాణ్ణి, పిల్ల ముందు ఏడవడానికి సిగ్గనిపించలేదు.

అటునుంచి అటే సాతంరాయి పోయాను. నర్సన్న భార్య లక్ష్మి వదినె గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను కింద కూర్చుని ఆమె రెండు పాదాలూ పట్టుకున్నాను. "వదినె, నర్సన్న జైలుకు పోయింది నా వల్లనే. నేను పొమ్మంటేనే పోయిండు" అన్నాను. అప్పుడే పైనుంచి విమానం దిగుతోంది. మా ఊళ్ళో ఎవరైనా అంతే, విమానం పోయేదాకా మాట ఆపుతారు. ఆమె కూడా ఆపింది. ఆ చప్పుడంతసేపూ పాదాలు వెనక్కి తీసుకోలేదు. తర్వాత సందులో అటూ ఇటూ చూసి, నా భుజం పట్టి లేపి, లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

"నాకెరుకే తమ్మీ. జైల్ల కలవపోయిన మొదటినాడే చెప్పిండు," అంది. "గీ మాట ఇంకెవ్వల ముంగట అనకు. నల్లకోటేసుకునెటోనివి. నలుగుట్ల కాళ్లు వట్టుకొని అన్న మాటకు ఏమైతదో మనకు తెల్వదా? కూసో, అన్నం పెడుత."

పెట్టింది, తిన్నాను. ఆమె మాట కాదనలేక నెల రోజులు నోరు మూసుకునే ఉన్నాను. ఆ విద్య నాకు బాగా వచ్చు. కానీ ఈ ఒక్కదాంట్లో వదినె మాట దాటుతున్నాను. ఎవ్వరు చెప్పలే సారూ అని నర్సన్న కోర్టులో అన్నది అబద్ధం. దినాలకు పొమ్మని, ఆ మాట అనమని చెప్పింది నేను.